మట్టి బిళ్ళ మీద రోము రాజు

కొండాపూర్ అనగానే హైదరాబాదు వాళ్ళకి మాదాపూర్ పక్కనున్న ట్రాఫిక్ గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది ఆ కొండాపూర్ గురించి కాదు. సంగారెడ్డి జిల్లాలో అదే పేరుతో ఇంకో ఊరుంది. ఆ ఊరి పక్కన ఒక పాటిగడ్డ, దానికి దగ్గర్లో పురావస్తు శాఖ వాళ్ళ చిన్న మ్యూజియం. 1900 ప్రాంతంలో హెన్రీ కజిన్స్ ఈ దిబ్బల్ని గుర్తించాడు. 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. అప్పుడు ఆ శాఖ డైరెక్టరు గులాం యజ్దానీ, తవ్వకాలు నడిపినాయన ఖ్వాజా ముహమ్మద్ అహ్మద్. స్తూపం, చైత్యం, ఇటుక కట్టడాలు, శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు బయటపడ్డాయి.

వాటన్నిటిలో నాకు బాగా నచ్చినవి మట్టి బిళ్ళలు. దూరం నుంచి చూస్తే నాణేల్లా ఉంటాయి. క్రీ.శ. 14 నుంచి 37 దాకా రోమును ఏలిన టైబీరియస్ నాణేన్ని చూసి, ఆ బొమ్మను మట్టిలో దించి, మెడలో వేసుకోవడానికి వీలుగా చేసినవి. పురావస్తు పుస్తకాల్లో వీటిని బుల్లాలు అంటారు. రోము సముద్రాల అవతల ఉంది. అక్కడి బంగారు, వెండి నాణేలు వ్యాపారుల చేతుల్లో మన తీరాల దాకా, దక్కను లోపలి దాకా వచ్చాయి. అసలు నాణెం అందరికీ ఎక్కడ దొరుకుతుంది? దొరకనివాళ్ళ కోసం, లేదా దాని అందం మీద మోజుపడ్డవాళ్ళ కోసం, కొండాపూర్లో ఎవరో మట్టితో నకలు చేశారు. దూరపు దేశం గుర్తు, చవకైన సరుకు, చేతిపని. సావనీర్ అంటే ఇంతకంటే ఏముంటుంది?

తెలుగులో ఈ మాటకి సరైన జోడీ లేదు. సావనీర్ అంటే మనకి మహాసభల్లో ప్రకటనలతో అచ్చువేసే ప్రత్యేక సంచిక. జ్ఞాపిక అంటే శాలువా తర్వాత చేతిలో పెట్టే ప్లాస్టిక్ గోపురం. జాతర నుంచి పిల్లలకి తెచ్చేది బొమ్మ, తిరుపతి నుంచి తెచ్చేది ప్రసాదం. ఊరి గుర్తుగా కొనుక్కుని ఇంట్లో పెట్టుకునే వస్తువుని విడిగా పిలవాల్సిన అవసరం మనకి రాలేదో ఏమో.

నా బతుకుతెరువు ఆ పేరులేని వస్తువే. రుద్రారం దగ్గర ఒక రేకుల షెడ్డులో నేనూ ఇంకో ఆరుగురం కొండాపూర్ బొమ్మల్ని చూసి చిన్న చిన్న మట్టి వస్తువులు చేస్తాం. మూడంగుళాల తలలు, గుర్రాలు, పూసల దండలు, ఆ టైబీరియస్ బిళ్ళలు. ఈ పని మొదలుపెట్టాక ఇలాంటి వస్తువుల చరిత్ర వెతకడం అలవాటైంది. ఆ వెతుకులాట సగం నన్ను కొండాపూర్ దిబ్బల మీదికీ, మిగతా సగం, చెప్తే నవ్వుతారేమో, ఐర్లండుకీ తీసుకెళ్ళింది.

*

ముందు కొండాపూర్. ఇక్కడి బొమ్మల్లో పేరుపడ్డవి కేయొలిన్‌వి, అంటే తెల్లని సుద్దమట్టివి. మెత్తటి మట్టి, పలచటి గోడలు, లోపల డొల్ల. స్త్రీల తలలైతే జడల అల్లిక, కొప్పుల మెలికలు, చెవి కమ్మలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటాయి. ఇలాంటివి మహారాష్ట్రలోని తేర్, పైఠణ్, నేవాసాల్లో కూడా దొరికాయి. అంటే ఈ పద్ధతి ఒక ఊరిది కాదు, శాతవాహనుల దక్కను అంతటా పాకిన ఒక వాడుక.

ఇవి సారె మీద తిప్పి చేసినవి కావు. జంట అచ్చుల్లో చేసినవి. ముందు సగానికి ఒక అచ్చు, వెనక సగానికి ఒకటి. రెండిట్లోనూ మట్టిని పలచగా అదిమి, అంచులకి తడి రాసి కలిపి, ఆరాక అతుకు గీకేస్తారు. మేమూ అంతే చేస్తాం. వాళ్ళ అచ్చులు కాల్చిన మట్టివి, మావి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌వి. తేడా అంతే. ఒక మంచి అచ్చు ఉంటే పదిమంది చేతులతో వందల బొమ్మలు తీయొచ్చు. నాణేల అచ్చులు కూడా దొరికాయి కాబట్టి ఇక్కడ టంకశాల ఉండేదని చరిత్రకారులు అంటారు. ఒకే ఊళ్ళో నాణెం అచ్చు, బొమ్మ అచ్చు, పూసలు చేసేవాళ్ళు. నన్నడిగితే ఇదొక పారిశ్రామికవాడ.

ఈ మాట ఎందుకంటున్నానంటే, మా దగ్గరికి వచ్చేవాళ్ళు మొదట అడిగేది, "ఇది నిజంగా హ్యాండ్‌మేడేనా? అన్నీ ఒకేలా ఉన్నాయే?" అని. చేతిపని అంటే ఏ రెండూ ఒకలా ఉండకూడదనీ, ఒకలా ఉంటే అది ఫ్యాక్టరీ సరుకనీ ఒక నమ్మకం. ఈ నమ్మకం వయసు రెండు వందల ఏళ్ళు కూడా ఉండదు. ఇంగ్లండులో యంత్రాలు వచ్చి చేతిపనివాళ్ళని రోడ్డున పడేశాక, రస్కిన్, విలియం మోరిస్ లాంటివాళ్ళు చేతిపనికి ఒక నైతిక విలువ కట్టారు. ఆనంద కుమారస్వామి 1909లో భారతీయ చేతిపనివాళ్ళ మీద రాసిన పుస్తకంతో ఆ ఆలోచన మన దగ్గర కూడా గట్టిపడింది. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ కళ్ళద్దాలతో కొండాపూర్ని చూస్తే అది కనిపించదు. అక్కడ చేయీ అచ్చూ శత్రువులు కావు.

*

పటాన్‌చెరు పేరులోనే చెరువుంది. కల్యాణి చాళుక్యుల కాలంలో ఇది పొట్టలకెరె. కెరె అంటే కన్నడంలో చెరువు. పదకొండో శతాబ్దంలో రెండో జయసింహుడికి ఇదొక రాజధాని, జైనానికి పెద్ద కేంద్రం. చెరువుంటే ఒండ్రుమట్టి ఉంటుంది, మట్టి ఉంటే కుమ్మరి ఉంటాడు. పెళ్ళికి ఐరేని కుండలు, బోనాలకి బోనం కుండ, ఎండాకాలానికి రంజన్, దీపావళికి ప్రమిదలు. ఇవేవీ గుర్తుగా దాచుకునే సరుకులు కావు. వాడుక సరుకులు, పగిలితే మళ్ళీ చేసేవి.

1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో ఇక్రిశాట్, తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు వచ్చాయి. మందుల కంపెనీలు, రసాయనాలు, ఇనుము. నక్కవాగు సంగతి అందరికీ తెలిసిందే. ఆ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. మట్టి పని చేసేవాడికి దీనర్థం వేరేగా ఉంటుంది. మీకు కనిపించేది నల్లటి నీళ్ళు. మాకు కనిపించేది ఆ నీళ్ళ అడుగున పేరుకున్న ఒండ్రు. రెండు చేతులూ మోచేతుల దాకా అందులో పెట్టి రోజంతా పిసకాలి. అందుకే నక్కవాగు పారే వైపు చెరువుల మట్టి మేం ముట్టం. సదాశివపేట అవతల నుంచి ట్రాక్టరు మట్టి తెప్పించుకుంటాం. చెరువు పేరు మోసే ఊళ్ళో ఉంటూ మట్టికి కిరాయి కడుతున్నాం.

ఇక ఈ ప్రాంతపు అసలు సావనీర్ ఏదంటే, రిటైర్మెంట్ మెమెంటో. ఇక్కడ ఏ పాత ఉద్యోగి ఇంటికెళ్ళినా షోకేసులో ఒక గడియారం, ఒక స్టీలు పళ్ళెం మీద చెక్కిన పేరు, సేఫ్టీ వీక్‌లో ఇచ్చిన టిఫిన్ డబ్బా కనిపిస్తాయి. ముప్పై ఏళ్ళ షిఫ్టులకి అదే గుర్తు. సంగారెడ్డి పాత జైలుది ఇంకో రకం. 1796 నాటి కట్టడాన్ని మ్యూజియం చేసి, 2016లో ఐదొందలు కడితే ఒకరోజు ఖైదీగా ఉండనిచ్చారు, ఖద్దరు బట్టలతో సహా. అక్కడ అమ్మింది వస్తువుని కాదు, అనుభవాన్ని. మొత్తానికి ఈ ఊళ్ళకి గుర్తుల వ్యాపారం కొత్తకాదు.

*

ఇప్పుడు ఐర్లండు. చిన్న దేశం, వలస పాలన, కరువు, వలసపోయిన జనం, ఊరి గుర్తు కోసం తపించే ప్రవాసులు. సావనీర్ వ్యాపారానికి కావాల్సిన దినుసులన్నీ అక్కడ ఉన్నాయి. బురద నేలల్లో వేల ఏళ్ళు నాని నల్లబడ్డ ఓక్ చెక్కని తవ్వితీసి, వీణలు, మూడాకుల షామ్‌రాక్‌లు చెక్కి పంతొమ్మిదో శతాబ్దం పొడుగునా యాత్రికులకి అమ్మారు. కిలార్నీ సరస్సుల దగ్గర రంగురంగుల చెక్క పొదిగిన పెట్టెలు, బల్లలు చేసేవాళ్ళు.

అన్నిటికంటే నేర్చుకోదగ్గ కథ టారా బ్రోచ్‌ది. 1850లో మీథ్ కౌంటీలో బెట్టీస్‌టౌన్ సముద్రపు ఒడ్డున ఒక పాత నగ దొరికింది. ఎనిమిదో శతాబ్దం ప్రాంతపు పనితనం. అది డబ్లిన్ నగల వర్తకుడు వాటర్‌హౌస్ చేతికొచ్చింది. ఆయన దానికి టారా అని పేరు పెట్టాడు. టారా అంటే పాత ఐరిష్ రాజుల గుట్ట. నగకీ ఆ గుట్టకీ ఏ సంబంధమూ లేదు. కానీ ఆ పేరుతో నకళ్ళు చేస్తే బాగా అమ్ముడుపోయాయి. ఇప్పటికీ ఆ నగ పేరు అదే.

1851లో లండన్ మహా ప్రదర్శనలో, ఆ గాజు భవనంలో, వాటర్‌హౌస్ ఆ బ్రోచ్‌ని పెట్టాడు. అదే కప్పు కింద భారతదేశం నుంచి వెళ్ళిన సరుకుల్లో మన పొరుగునున్న బీదర్ వాళ్ళ బిద్రీ పని కూడా ఉంది. రెండూ వలస దేశాల లోహపు పనులు, చూస్తున్నవాళ్ళు ఒక్కరే.

బిద్రీలో మట్టి పాత్ర చాలామందికి తెలీదు. జింకు, రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, చివర్లో నవాసారం కలిపిన బీదర్ కోట మట్టితో రుద్దుతారు. జింకు నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉంటుంది. ఆ మట్టి లేకపోతే ఆ నలుపు రాదని పనివాళ్ళ మాట. జహీరాబాద్, నారాయణఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లాలోవే. రాష్ట్రాల విభజనలో బీదర్ మైసూరుకి వెళ్ళింది, ఇవి మెదక్‌కి వచ్చాయి. బిద్రీకి 2006లో భౌగోళిక గుర్తింపు కర్ణాటక పేరు మీద వచ్చింది. హైదరాబాదులో తరాలుగా ఆ పనిచేసే కుటుంబాలు ఉన్నా సరే. పేరు ఎవరిదన్నది గీత ఎక్కడ గీశారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

*

ఐర్లండు కథలో ఇంకో పేజీ ఉంది. 1845 తర్వాత బంగాళాదుంపల కరువు. 1847లో క్లోన్స్ అనే ఊళ్ళో చర్చి ఫాదరీ భార్య కసాండ్రా హ్యాండ్, పస్తులున్న ఆడవాళ్ళకి క్రోషే లేసు అల్లిక నేర్పించింది. కుటుంబాలు నిలబడ్డాయి, క్లోన్స్ లేసు యూరప్ అంతా తిరిగింది. చరిత్రలో మిగిలిన పేరు కసాండ్రాది. అల్లినవాళ్ళ పేర్లు లేవు.

ఇది చదివినప్పుడు నాకు నర్సాపురం గుర్తొచ్చింది. అదే పంతొమ్మిదో శతాబ్దంలో గోదావరి డెల్టాకి కూడా లేసు పని మిషనరీలతోనే వచ్చింది. మరియా మీస్ 1982లో నర్సాపురం లేసు పనివాళ్ళ మీద ఒక పుస్తకం రాసింది. అందులో ఆమె వాదన ఇది: ఆ ఆడవాళ్ళు ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్నారు, కానీ వాళ్ళని ఇంట్లో ఖాళీగా కూర్చుని కాలక్షేపానికి అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టారు. అలా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువ. హ్యాండ్‌మేడ్ అన్న మాట ఎంత ముద్దుగా ఉన్నా, దాని వెనక ఈ లెక్క ఒకటి నక్కి ఉంటుంది. "ఇంట్లో కూర్చుని చేసేదే కదా" అన్న మాట నేను కొనేవాళ్ళ నోట ఎన్నిసార్లు విన్నానో.

స్వాతంత్ర్యం వచ్చాక రెండు దేశాలూ ఒకే దారి పట్టాయి. మన ప్రభుత్వం చార్ల్స్, రే ఈమ్స్ దంపతులని పిలిచి 1958లో ఒక నివేదిక రాయించుకుంది. చెంబు గురించి వాళ్ళు రాసిన మెచ్చుకోలు ఇప్పటికీ డిజైన్ విద్యార్థులు చదువుతారు. ఆ నివేదిక వెంట 1961లో అహ్మదాబాద్‌లో ఎన్ఐడీ వచ్చింది. ఐర్లండు స్కాండినేవియా డిజైనర్లని పిలిచింది. 1962లో వాళ్ళ నివేదిక వచ్చింది, 1963లో కిల్‌కెన్నీ డిజైన్ వర్క్‌షాప్స్ మొదలయ్యాయి. మీ చేతుల్లో ఏముందో చెప్పమని రెండు దేశాలూ బయటివాళ్ళనే అడిగాయి. జవాబులు మంచివే. కానీ కిల్‌కెన్నీ 1988లో మూతపడింది, పనివాళ్ళ పేర్ల సంగతి రెండుచోట్లా ఒక కొలిక్కి రాలేదు.

*

ఇదంతా నాకు పుస్తకాల విషయం కాదు. పోయిన దీపావళికి ముందు ఈ బెల్టులోనే ఒక కంపెనీ నుంచి నాలుగు వందల బొమ్మల ఆర్డరు వచ్చింది. మాకది నాలుగు నెలల పని. షరతులు మూడు. ఒకటి, పెట్టె మీద వాళ్ళ లోగో. రెండు, లోపలి కార్డు మీద చేసినవాళ్ళ పేరు తీసెయ్యాలి. మూడు, ఆ తల "ఐదువేల ఏళ్ళనాటి శాతవాహన లక్ష్మి, ఇంట్లో ఉంటే ధనం నిలుస్తుంది" అని రాయాలి.

లోగోకి నాకేం అభ్యంతరం లేదు. మూడోదే గొంతు దిగలేదు. శాతవాహనులకి ఐదువేల ఏళ్ళు ఎక్కడివి? రెండువేల ఏళ్ళ కింది మాట. ఆ తల లక్ష్మి అని చెప్పడానికి ఆధారమూ లేదు. కానీ టారా కథ తెలిసినవాళ్ళకి ఆ కంపెనీ మేనేజరు వింతమనిషేమీ కాదు. వాటర్‌హౌస్ కూడా అదే చేశాడు. ఐర్లండులోనే ఆరన్ స్వెటర్ల మీద ఇంకో కథ నడుస్తుంది, ఒక్కో కుటుంబానికి ఒక్కో అల్లిక ఉండేదనీ, సముద్రంలో పోయిన జాలరిని దాన్నిబట్టే పోల్చుకునేవాళ్ళనీ. అల్లికల చరిత్ర రాసినవాళ్ళు దాన్ని ఒప్పుకోరు. కథ మాత్రం స్వెటర్లని అమ్ముతూనే ఉంది.

షెడ్డులో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. మాలో అందరికంటే పెద్దాయన కుమ్మరి ఇంటివాడు, ఆవం కాల్చేది ఆయనే. నన్ను బిడ్డా అంటాడు, నేను పెద్దయ్యా అంటాను. "లచ్చిమి అని రాస్తె వాళ్ళు పూజల పెడ్తరు బిడ్డా. రేపు పగిలిందనుకో, అరిష్టమని ఏడుస్తరు. బొమ్మ అంటె బొమ్మే అనాలె" అన్నాడు. ఆ కోణం నాకు తట్టనే లేదు. ఆయన ఇచ్చే కుండలు వాడుకవి, పగిలేవి. పగలడానికి వీల్లేని వస్తువు ఆయన లెక్కలో కుండ కాదు.

పేర్ల దగ్గర మాత్రం నా మాట చెల్లలేదు. పాశమైలారంలో కాంట్రాక్టు పని మానేసి మా దగ్గరకొచ్చిన ఒకావిడ సూటిగా అడిగింది. "పేరుతోని కూరగాయలొస్తయా? ఆర్డరు పోతే నాలుగు నెలల జీతం మీరిస్తరా?" దానికి క్లోన్స్ కథా నర్సాపురం కథా చెప్పి లాభంలేదు. వాళ్ళ పేరు పోతుందని బాధపడే హక్కు నాకంటే ముందు వాళ్ళది, దాన్ని వదులుకునే హక్కు కూడా వాళ్ళదే.

చివరికి కంపెనీకి ఇలా చెప్పాం. కార్డు మీద మీ లోగో వేసుకోండి, పేర్లు తీసేస్తాం. కానీ ఆ కథ రాయం. "కొండాపూర్‌లో దొరికిన సుమారు రెండువేల ఏళ్ళనాటి బొమ్మకి నకలు, రుద్రారంలో చేతితో చేసినది" అని మాత్రమే ఉంటుంది. నకలు అన్న మాట బొమ్మ వెనక కూడా ముద్ర వేస్తాం, ఎందుకంటే వాన పడ్డాక పాటిగడ్డల మీద ఏరిన పూసల్ని, నాణేల్ని చాటుగా అమ్మేవాళ్ళున్నారు. లైసెన్సు లేకుండా పురావస్తువుల వ్యాపారం చేయడం 1972 చట్టం ప్రకారం నేరం. మా సరుకు ఆ గుంపులో కలవకూడదు. కంపెనీవాళ్ళు వారం ఆలోచించి, నాలుగు వందలని రెండు వందల యాభై చేసి ఒప్పుకున్నారు. మిగిలిన నూటయాభై మందికీ స్వీట్ల డబ్బాలు ఇచ్చారని తర్వాత తెలిసింది. పోయిన ఆ నూటయాభైకి మాలో ఒకరిద్దరికి నా మీద ఇంకా కోపం ఉంది. ఆ కోపం సరైనదే.

కార్డు మీద తీసేసిన పేర్లకి దారి చూపింది కూడా పెద్దయ్యే. అచ్చులో అదిమిన ఏ డొల్ల బొమ్మకైనా లోపల వేళ్ళ గుంటలు పడతాయి, పైన ఎంత నున్నగా ఉన్నా. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే బొమ్మ అడుగున చేసినవాళ్ళ పేరులో మొదటి అక్షరం పుల్లతో గీస్తే, కార్డు పారేసినా అక్షరం పోదు అన్నాడు. అది షరతుకి విరుద్ధమా అని కంపెనీని అడిగాం. కనిపించేచోట లేదుగా, మీ ఇష్టం అన్నారు. కూరగాయల మాట అన్న ఆవిడ మొదటి రోజు తన అక్షరం గీసుకుంది. రెండో రోజు దాని పక్కన ఇంకో అక్షరం గీసింది. అదేంటని అడిగితే, మా ఊరిది, అంది.